విద్వాంసుడు సినిమాపాట పాడవచ్చునా?

(సంఘ సభ్యుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి నా ప్రసంగము "బ్రాడ్వే పాటలను" గూర్చి యని తెలిసినంతనే మన పెద్దలొకరు నన్ను మెట్లకడ నాపి, "బ్రాడ్వేలో పాటలెక్కడివయ్యా? అచట నుండునవి కాగితపు అంగళ్లును, బరువుబండ్లును గదా!" యని అడిగిరి. తరతరములుగా చెన్నపురిలో నున్న మనకు బ్రాడ్వే యనిన జార్జిటౌనులోని పొఫాముగారి బ్రాడ్వేయే తోచుట సహజము. ఆ వీథికి పిదప ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. నేను చెప్పబోవు బ్రాడ్వే న్యూయార్కు నగరమునందలిది. ఆ వీథి పేరిట ప్రసిద్ధమైన నాటకశాలలు నలుబదికి పైగా కలవు. అందాడు సంగీత నాటకముల పాటలనే "బ్రాడ్వే పాటలు" అందురు. మనకు సురభివారి నాటకములలోని పాటలును, తిరుపతి వేంకటకవుల పాండవ నాటక పద్యములును ఎట్లో, వారికి నవి యట్లు. పామరుడును పండితుడును సమానముగ పాడుకొనునవి.

ఆ దేశములలో మరియొక గానము కలదు. దానిని ఆపెరా యందురు. అందు సంభాషణములతో సహా సర్వమును దాదాపు గానమే. గాయకుడు చిన్నతనము నుండి కంఠమును సాధన చేసి, పెద్ద వాద్యబృందమునకెదురుగ, మైకు లేకుండ, వేలమందికి వినబడునట్లు పాడవలెను. అట్టి గాయకుడు ఒకనాడు బ్రాడ్వే పాటలను ఒక రికార్డుగా పాడి వెలువరించెననుకొనుడు. వెంటనే రెండు వర్గములు లేచును. "ఇంతవాడు అంతకు దిగజారెనే!" యని ఒకరు, "మా పాటకు పట్టాభిషేకమైనది" యని మరియొకరు. ఈ వివాదము మనకు క్రొత్తది కాదు. ఈ చెన్నపురిలో మన తెలుగు విద్వాంసుని విషయముననే మనమిట్టి మాటలు వింటిమి. మొదట దూరపు కథ చెప్పి, పిదప మన యింటి కథకు వచ్చెదను.

ఎజియో పింజా అను ఇటలీ దేశీయుడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరాశాలలో 1926 మొదలు 1948 వరకు, ఇరువదిరెండు సంవత్సరములు, మంద్రస్వర గాయకులలో అగ్రగణ్యుడై యుండెను. ఆపెరాను విడిచిన మరుసటి యేడే, 1949లో, ఆయన బ్రాడ్వేలో "సౌత్ పసిఫిక్" అను నాటకమున నాయకపాత్ర ధరించి పాడెను. ఆపెరాలో రెండు దశాబ్దములకు పైగా సంపాదించిన కీర్తికి మించిన జనాదరము ఒక్క నాటకముతో లభించెను. 1950లో నాటకరంగమువారి టోనీ బహుమానమును గూడ పొందెను. మన కాలమున రెనే ఫ్లెమింగ్ అను ఆపెరా గాయని 2018లో బ్రాడ్వే పాటలతో ఒక రికార్డు వెలువరించెను. ఆ యేడే బ్రాడ్వే రంగస్థలము మీదను పాడెను.

అయితే ఈ దారి యెల్లప్పుడును పూలబాట కాదు. 1957లో బ్రాడ్వేలో ప్రదర్శితమైన "వెస్ట్ సైడ్ స్టోరీ" అను సంగీత నాటకమునకు స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టైన్. ఆయన 1984లో ఆ పాటలనన్నిటిని ఆపెరా గాయకులచే పాడించి, స్వయముగ వాద్యబృందమును నడిపించి రికార్డు చేయించెను. నాయికకు న్యూజీలాండు గాయని కిరి తె కనావా. నాయకునకు స్పెయిను దేశపు హోసే కరేరాస్. ఇరువురును ప్రపంచ ప్రసిద్ధులు. కాని కథలో నాయకుడు న్యూయార్కు వీథులలో పుట్టి పెరిగిన కుఱ్ఱవాడు. స్పానిషు మాటలాడు కుటుంబమునుండి వచ్చినది నాయిక. రికార్డులో స్పానిషు యాస నాయకుని నోట వినబడెను! ఆ రికార్డింగు జరుగుచుండగా తీసిన చలనచిత్రము కలదు. అందు ఒక పదమును సరిగా పలుకుటకు ఆ మహాగాయకుడు పడిన శ్రమయు, స్వరకర్త సహనము సన్నగిల్లుటయు కన్నులార చూడవచ్చును. రికార్డుకు గ్రామీ బహుమానము వచ్చినది. అమ్మకమును బాగుగ జరిగినది. అయినను నేటికిని రసికులు ఆ కంఠమును మెచ్చుకొనుచునే ఆ ఉచ్చారణను తప్పు పట్టుచుందురు.

ఇందలి మర్మమేమి? ఆపెరా కంఠము వాద్యబృందమును దాటి వినబడుటకై పెంచబడినది. స్వీడను శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970 దశాబ్దమున దీనిని పరిశోధించి, సాధన చేసిన గాయకుని నాదమున సెకనుకు సుమారు 3000 కంపనముల ప్రాంతమున ఒక విశేష బలము చేరునని చూపెను. వాద్యముల ధ్వని అచట పలుచగ నుండును గనుక గాయకుని కంఠము దానిని చీల్చుకొని వచ్చును. కాని అందుకు మూల్యము కలదు. స్వరము పైకి పోయిన కొలది అచ్చుల రూపము మారును. పదము మసకబారును. ఆపెరా శ్రోత దానిని సహించును. నాదమే అతనికి ప్రధానము. నాటకపు పాటకు పదమే ప్రాణము. ప్రక్కన కూర్చుండి చెప్పినట్లు అది వినబడవలెను. అట్టి చిన్న మాటకు అంత నాదమును ప్రయోగించుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే యగును.

ఇక మన యింటికి వత్తము.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930 జూలై 6న తూర్పుగోదావరి మండలము శంకరగుప్తమున జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీతజ్ఞులు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణావాదనము తెలిసినవారు. ఆమె బిడ్డ పసితనముననే కాలధర్మము నొందినది. బాలుడు విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి కడ విద్య నభ్యసించెను. పంతులుగారిది త్యాగరాజస్వామి శిష్యపరంపర. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆ బాలుడు నిండుకచేరి చేసి "బాల" శబ్దమును బిరుదుగ పొందెను. డెబ్బదిరెండు మేళకర్తలలోను కృతులు రచించి, యౌవనారంభముననే వాగ్గేయకారుడయ్యెను. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణిలో ఆయన పాడిన భక్తిగీతములు ఇంటింట ప్రభాతకాలమున మ్రోగినవి. పిమ్మట చెన్నపురి ఆయనకు స్థిరనివాసమయ్యెను; 2016 నవంబరు 22న ఇచటనే దివంగతులైరి.

ఇంతటి విద్వాంసుడు సినిమాపాటలు పాడిరి. 1963లో "నర్తనశాల" చిత్రమున బృహన్నల ఉత్తరకు నాట్యము నేర్పు పాటను బెంగుళూరు లతతో కలిసి పాడిరి. సంగీతము సుసర్ల దక్షిణామూర్తిగారిది, రాగము కల్యాణి. 1965లో తమిళ చిత్రము "తిరువిళైయాడల్"లో గర్విష్ఠియైన హేమనాథ భాగవతునకు గాత్రమిచ్చిరి. 1967లో "భక్త ప్రహ్లాద"లో నారద పాత్రనే ధరించిరి. 1975లో కన్నడ చిత్రము "హంసగీతె"లో పాడి జాతీయ బహుమానమందిరి. 1977లో "కవిక్కుయిల్" చిత్రమున ఇళయరాజా కూర్చిన రీతిగౌళ పాట పాడిరి. 1979లో "గుప్పెడు మనసు"లో విశ్వనాథన్‌గారి సంగీతమున ఆత్రేయగారి పాట పాడిరి. ఇవి కొన్ని మాత్రమే.

అప్పుడును మనలో కొందరు పెదవి విరిచిరి. వారి ఆక్షేపణలను నేను తేలికగ త్రోసివేయను. ఒక్కొక్కదానిని పరిశీలింతము.

మొదటిది: స్థాయి దిగునని. కాలక్రమమును చూడుడు. "నర్తనశాల", "తిరువిళైయాడల్", "కవిక్కుయిల్" చిత్రములన్నియు వచ్చిన పిదప, 1978లో మదరాసు సంగీత అకాడమీ ఆయనకు "సంగీత కళానిధి" బిరుదము నొసగెను. ఆ మరుసటి యేడు ఆయన "గుప్పెడు మనసు" పాట పాడిరి! 1991లో పద్మవిభూషణము లభించినది. పెద్దసభ సినిమాపాటను నేరముగ నెంచలేదు. ఆయనయు పెద్దసభ సన్మానము చూచుకొని సినిమాపాటను తప్పించుకొనలేదు.

రెండవది: శాస్త్రము పలుచనగునని. ఇందు కొంత సత్యము కలదు. పాతకాలపు డెబ్బదెనిమిది చుట్ల రికార్డున ఒక్కొక్క ప్రక్కను పట్టునది సుమారు మూడు నిమిషములు. సినిమాపాటకును అంతకంటె హెచ్చు వ్యవధి దొరకుట అరుదు. రాగాలాపనకు, నెరవునకు, స్వరకల్పనకు అందు చోటు లేదు. కచేరీలో విద్వాంసుడు రాజు. స్టూడియోలో సంగీత దర్శకుడు గీచిన గీత దాటరాదు. వందలకొలది రచనలు చేసిన వాగ్గేయకారుడు మరియొకరి వరుసను, మరియొకరి మాటను, ఒక పాత్రధారి పెదవుల కదలికకు సరిపోవునట్లు పాడవలెను. ఇది కచేరీ విద్యకు ప్రత్యామ్నాయము కాదు. కాని వేరొక విద్య. శాస్త్రము పలుచనగుట మూడు నిమిషముల వలన కాదు, పాడువాని అశ్రద్ధ వలననే.

హేమనాథ భాగవతుని పాటనే తీసికొనుడు. ఆ పాత్ర పాండ్యసభకు వచ్చి ఎల్లరను ధిక్కరించి తుదకు ఓడిపోవువాడు. కథలో జయము టి.ఎమ్. సౌందరరాజన్‌గారు పాడిన దైవగానమునకు. ఓడువాని పాటకు అంత విద్య యెందులకని గాయకుడు తలపలేదు. రాగమాలికగా కూర్చిన ఆ పాటలో విద్యయెల్ల చూపి, గర్వమును గూడ స్వరమున వినిపించెను. ఓడువాడు మహావిద్వాంసుడుగ వినబడిననే గదా గెలిచినవాని గెలుపునకు విలువ! పాత్ర కొఱకు పాడుట యనగా నిదియే. అదే కంఠము "గుప్పెడు మనసు"లో గమకములను మడిచి పెట్టి, మైకు దగ్గరగా నిలిచి, ఒక మనిషి తన మనస్సుతో తాను మాటలాడుకొనునట్లు పాడినది. శాస్త్రము అచట కనబడదు. అది లేనిచో ఆ నిలుకడ రాదు.

మూడవది: ధనాశ యని. సినిమా సంపాదన నిచ్చుననుట నిజమే. గాయకుడు సంసారి కాడా? కాని బాలమురళిగారు అంతకు ముందే ఆకాశవాణిలో రామదాసు కీర్తనలను, తత్త్వములను, పల్లెజనుల నోట నానిన పాటలను ఆదరముతో పాడిరి. సామాన్యుని పాటపై ఆయన ప్రేమ సినిమాతో పుట్టినది కాదు.

ఎల్లరును ఆ త్రోవను నడువవలెనని నేననను. ఎమ్.ఎస్. సుబ్బులక్ష్మిగారు "మీరా" చిత్రముతో నటన చాలించి కచేరీ గానమునకే అంకితమైరి, అదియు వందనీయమే. ఇటునుండి అటు పోయినవారుండగా అటునుండి ఇటు వచ్చినవారును కలరు. ఘంటసాలగారు విజయనగరము సంగీత కళాశాలలో శాస్త్రమభ్యసించి సినిమాలో జీవితము గడపిరి. ఆయన పద్యము విని తెలుగు ఛందస్సు నేర్చినవారున్నారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు తాము శాస్త్రీయ సంగీతము క్రమముగ నేర్వలేదని బహిరంగముగ చెప్పుకొనినవారు. అయినను "శంకరాభరణము"లో శంకరశాస్త్రి గాత్రమై, కర్ణాటక సంగీతము విననివారి చేతను విన్పించిరి. 1959 నాటి "జయభేరి" చిత్రకథ మీకు జ్ఞప్తి యుండును. సంగీత విద్వాంసుడొకడు వీథిబృందముతో కలిసినందుకు వెలివేయబడును. ఆ కథను చూచి కన్నీరు పెట్టుకొనిన మనమే, మన విద్వాంసుడు సినిమాపాట పాడిన నాడు ముఖము చిట్లించితిమి.

ఇదంతయు నేడేల చెప్పుచున్నాననగా, దీనితో మన పిల్లల మాట ముడివడియున్నది.

ఇటీవల మన బంధువర్గములోనే ఒక యింట జరిగిన సంగతి చెప్పెదను. పదునాలుగేండ్ల బాలిక. సంగీతము ఆరేండ్లుగ నేర్చుచున్నది. త్యాగరాజ కృతి యొకటి పాడినది. శ్రుతి, లయ, సంగతులు నిర్దుష్టములు. "అమ్మాయీ, ఈ అనుపల్లవికి అర్థమేమి?" యని అడిగితిని. ఆమె తల్లివైపు చూచినది. తల్లి నేలవైపు చూచినది. ఆ బాలిక పుస్తకమున కృతి తమిళ లిపిలో నున్నది. మన క, ఖ, గ, ఘ నాలుగింటికిని తమిళమున ఒక్కటే అక్షరము. తేడా చూపుటకు అక్షరములపై అంకెలు వేయుదురు. అంకెను గమనింపనిచో "గానము" "కానము" అగును. "భక్తి" "పక్తి" యగును. పిమ్మట ఆ బాలిక, తాతగారు కోపింతురేమోనని సంకోచించుచు, బాలమురళిగారి సినిమాపాట యొకటి పాడినది. దానిని ఆమె పుస్తకమున చదువలేదు. చెవితో విని నేర్చినది. ప్రతి పదము స్పష్టము. "దీని అర్థమో?" యనగా గడగడ చెప్పినది. "మనసులోనిది చెప్పుకొనలేనివాని బాధ తాతగారూ" అనినది. ఆ ఒక్క వాక్యమునకు నాకు కన్నులు చెమర్చినవి. ఆమె తెలుగున ఒక భావమును అందుకొనినది. కృతి నేర్పిన ఆరేండ్లలో ఆ భాగ్యము మనమామెకు కలిగింపలేదు.

తప్పు కృతిది కాదు. తమిళులది అంతకంటెను కాదు. తెలుగు మాతృభాష కాని లక్షలాది రసికులు త్యాగరాజస్వామిని నెత్తిన పెట్టుకొని కాపాడిరి. ఆ ఋణము మనము తీర్చుకొనలేనిది. 1943లో ఈ నగరమున తమిళ ఇసై సంఘము ఏర్పడినపుడు మనవారు కొందరు నొచ్చుకొనిరి. కాని వారు కోరినదేమి? వినువానికి మాట తెలియవలెనని. ఆ కోరిక న్యాయమైనది. మన బిడ్డలకు మన మాట తెలియవలెనని మనమును కోరుకొనవలదా? 2006 నాటి తమిళాధ్యయన చట్టము పిదప బడులలో తెలుగు నేర్చుకొను అవకాశము సన్నగిల్లినది. దానిపై విన్నపములు, వ్యాజ్యములు జరిగినవి, జరుగవలసినదే. కాని ఇంటిలో, సంగీతపు గదిలో, పాట ద్వారమున వచ్చు తెలుగును ఏ చట్టమును ఆపలేదు. ఆపగలిగినది మన చిన్నచూపొక్కటే.

కావున మూడు మాటలు మనవి చేయుచున్నాను. మొదటిది: పిల్లలకు కృతి నేర్పునపుడు స్వరమునకు ముందు సాహిత్యమును తెలుగు లిపిలో వ్రాయించి, అర్థము చెప్పుడు. పది కృతులకు బదులు ఆరే వచ్చినను చింత లేదు. రెండవది: మన సంఘపు పిల్లల పోటీలలో కృతితో పాటు ఒక నాటకపద్యమో, లలితగీతమో, మంచి సినిమాపాటయో పాడుటకు ఒక విభాగముండనిండు. అందు గమకమునకు కాక పలుకుబడికిని, భావమునకును మార్కులు వేయుదము. మూడవది: ఇంట బిడ్డ సినిమాపాట పాడిన "సంగీతము చెడును" అని గదమాయింపకుడు. "ఏదీ, ఆ మాట మరల పలుకు" మనుడు. సరిగా పలికిన మెచ్చుకొనుడు. తప్పు పలికిన దిద్దుడు.

న్యూజీలాండు గాయనికిని, స్పెయిను గాయకునకును బ్రాడ్వే పాట నేర్పిన పాఠమును, మన బాలమురళిగారు తమంత తామే యెరిగియుండిరి. పాట చిన్నదని గాయకుడు దానికై వంగుట కాదు. ఆ పాట పలుకునది ఎవరో, ఎవరితోనో తెలిసికొని, ఆ మాటను వాని నోటితో పలుకుట. ఆపెరా గాయకుడు తడబడినది మాట దగ్గరనే. మన విద్వాంసుడు నెగ్గినదియు మాట దగ్గరనే. ఆయన తెలుగును తెలుగుగ, తమిళమును తమిళముగ, కన్నడమును కన్నడముగ పలికిరి గనుకనే మూడు భాషలవారును ఆయనను తమవానిగ చెప్పుకొందురు. పలుభాషల నడుమ కాపురముండు మనకు ఇంతకు మించిన ఆదర్శమేమి కావలెను?

నన్ను మెట్లకడ ఆపిన పెద్దలకు ఇప్పుడు ప్రత్యుత్తరము చెప్పగలను. అయ్యా, మన బ్రాడ్వేలోను పాటలు కలవు. ప్రకాశంగారి పేరిటి ఆ వీథి ప్రక్క సందులలో మనవారి యిండ్లు ఇంకను ఉన్నవి. సాయంకాలము ఏ కిటికీ నుండియైనను ఒక బిడ్డ తెలుగు పాట వినబడినచో, అది కృతియా, సినిమాపాటయా యని విచారింపక, ఒక్క నిమిషము నిలిచి, మాట స్పష్టముగ నున్నదా యని మాత్రము వినుడు.